పగలగొట్టని మట్టిముద్ద

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. నా మాటలను మా ఊళ్లో ఎవరూ నమ్మరు, అది వేరే సంగతి. రెండు బిందెల వాన పడితే నేను వరద అంటానని మా ఆవిడే అందరికీ చెబుతుంది. ఈ ఒక్క సంగతికి మాత్రం ఉప్పూకారం కలపలేదు. కలపాల్సిన అవసరం రాలేదు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. మహబూబాబాద్‌లో బడిపంతులు పని, అరుదైన బొమ్మలు పోగేసే పిచ్చి. మా ఇంట్లో బొమ్మలు కూర్చునేవి, మనుషులం నిలబడేవాళ్లం.

జనగామలో లక్ష్మణాచారి అనే ఇత్తడి పనివాడు ఉద్యమంలో చూసిన మనుషులను అరచేయంత బొమ్మలుగా పోసేవాడు. డప్పు కొట్టేవాడు, బోనమెత్తిన ఆమె, బొగ్గుగని కార్మికుడు. మొత్తం పన్నెండే చేస్తానన్నాడు. మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి పూసి, కాల్చి మైనం కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తాడు. మట్టి పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. అందుకే ఒక్కోటి ఒక్కటే.

పదకొండు నా దగ్గరికి చేరాయి. పన్నెండోదానికి మట్టి పూసి ఎండబెట్టిన మరునాడే చారి గుండె ఆగి పోయాడు. ఆ ముద్ద కొలిమి మొఖం చూడలేదు. లోపల మైనం అలాగే ఉంది. భద్రంగా దాస్తానని ఆయన భార్య సుగుణక్కకు చెప్పి తెచ్చుకున్నాను. నా అసలు ఆశ వేరే. పగలని అచ్చు, లోపల ఎవరూ చూడని బొమ్మ. భూమ్మీద మరెవరి దగ్గరా ఉండదు.

అందులో ఉన్నది సుగుణక్కే. రోడ్డు మీదే వండి తింటూ నిరసన తెలిపే వంటావార్పు నాడు గరిటె పట్టుకున్న రూపం. ఆమెకు చూపించకుండానే చారి మట్టి పూశాడట. ఆమె భూపాలపల్లిలో కూతురింటికి చేరాక ఫోన్ మీద ఫోన్ చేసింది. పగలగొడితే మైనం చితికిపోతుందని ప్రతిసారీ భయపెట్టాను.

ఒకరోజు పొద్దున మళ్లీ చేసింది.

"రేపు కండ్ల ఆపరేషన్ సార్. చూపు ఉంటదో పోతదో డాక్టరే చెప్తలేడు. చితికితే చితకనీ. నా మొఖం ఎట్ల చేసిండో ఒక్కసారి చూస్త."

ఆరోజు బంద్. ముద్దను తువ్వాలులో చుట్టి, స్కూటర్ మీద కాళ్ల మధ్య పెట్టుకుని బయల్దేరాను. ఇంట్లో ఎత్తినప్పుడు అది కొబ్బరికాయంత బరువు. గూడూరు దాటేసరికి పాదానికి వెచ్చగా తగిలింది. ఎండ అనుకున్నాను. తర్వాత బండి ఎందుకో ముందుకు తూగడం మొదలైంది.

ఘనపూర్ దగ్గర రోడ్డు మీద వండుతున్నవాళ్లు ఆపారు. తినందే కదలనివ్వమన్నారు. అప్పటికే రెండుచోట్ల తిని, గుండీలన్నీ తెంపుకొని ఉన్నాను. వడ్డించే ఆయన తువ్వాలు తాకి చెయ్యి లాక్కున్నాడు.

"ఏందన్నా గిది, పొయ్యిరాయి మోసుకపోతున్నవా?"

విస్తరి పక్కన పెట్టాను. తువ్వాలు విప్పి చూశాను. మట్టి మీద వేలు నిలవడం లేదు. కానీ పోత పోసే రంధ్రానికి చారి పెట్టిన మైనం బిరడా కరగలేదు. దాని మీద ఆయన వేలిముద్ర కూడా చెదరలేదు.

మిగిలిన దారంతా కాళ్లు ఎడంగా చాపి నడిపాను.

భూపాలపల్లిలో వాకిట్లోనే సుగుణక్క సుత్తె పట్టుకుని కూర్చుంది. ముద్దను దింపడానికి నాకు రెండు చేతులూ చాలలేదు.

"ఆగక్కా," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"గిన్ని దినాలు ఆగిన గద సార్."

మూడో దెబ్బకు మట్టి విచ్చుకుంది. లోపల మైనం లేదు. ఇత్తడి బొమ్మ ఉంది. చేతిలో గరిటె, నడుములో దోపిన కొంగు, బారెడు ముక్కు.

ఆమె బొమ్మకు దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. "నా ముక్కు గింత ఉంటదా? సచ్చినంక గూడ ఎక్కిరించుడే," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నేను చెయ్యి చాపాను. ఆమె తోసేసింది. "ముట్టకు సార్. ఇప్పుడే పోసిండు."

పటకారుతో పట్టుకుని, ఇన్నేళ్లూ మొగుడి పక్కన చేసినట్టే, బొమ్మను బకెట్లో ముంచింది. నీళ్లు సుయ్యిమన్నాయి.

ఆపరేషన్ తర్వాత ఆమెకు చూపు దక్కలేదు. రోజూ ఆ ముక్కు తడిమి ఆయన్ను తిడుతుందని కూతురు చెప్పింది. ఆ బొమ్మను నేను అడగలేదు.

ఇత్తడి కరిగే వేడికి తువ్వాలు మసి కావాలి. అది ఇంకా నా దగ్గరే ఉంది, ఒక్క మరక లేదు. జీవితమంతా పెంచి చెప్పినవాణ్ని. దీన్ని ఎంత తగ్గించి చెబితే నమ్ముతారో నాకు తెలియడం లేదు.