నోట్లో దారప్పోగు

ఊడిన గుండీ కనిపిస్తే రఫియా ఆపా చెయ్యి ఊరుకోదు. అది తనవాళ్ల చొక్కాదా, దారినపోయేవాడి చొక్కాదా అని చూడదు. దుపట్టా అంచుకు దారం ఎక్కించిన సూది ఎప్పుడూ గుచ్చి ఉంటుంది. ఎదుటివాడు "ఎవరమ్మా మీరు?" అనేలోపు రెండు కుట్లు పడిపోతాయి.

అంతవరకే అయితే జనం ఓర్చుకునేవాళ్లు. ఆపాకు ఇంకో పట్టింపు ఉంది. ఒంటి మీదున్న బట్టను కుడితే మనిషి తెలివి, ఆపా మాటల్లో అక్కల్, కూడా దాంతోపాటే కుట్టుకుపోతుందని వాళ్ల అమ్మీ చెప్పిందట. విరుగుడు ఒక్కటే. కుట్టినంతసేపూ పళ్ల మధ్య ఒక దారప్పోగు పట్టుకుని, పెదాలు మూసుకుని ఉండాలి. అందుకని ఆపా చేతికి చిక్కినవాడికి గుండీ ఉచితం, నోరు బందు. మాట్లాడే పని ఆపాయే చూసుకుంటుంది.

ఒకసారి శాలిబండలో షేర్ ఆటో ఎక్కింది. సిగ్నల్ దగ్గర ఆగేసరికి, ముందు కూర్చున్న డ్రైవర్ అస్లాం కాలర్ కుట్టు ఊడి కనిపించింది.

"అరే బేటా, గిట్ల తిరుగుతున్నవేంది? ఇంట్ల ఎవ్వరు చెప్పలేదా?"

"ఆపా, సిగ్నల్ పడ్తది..."

"చుప్! దారం నోట్ల పెట్టుకో."

గ్రీన్ పడింది. మళ్లీ రెడ్ పడింది. వెనక హారన్ల లొల్లి. ట్రాఫిక్ పోలీసు పరుగెత్తుకొచ్చాడు.

"బండి తీయవేంది రా? నోట్ల ఏంది, గుట్కానా? ఉమ్మెయ్!"

"ఉమ్మితే అక్కల్ పోతది సాబ్. అరెరె, మీ జేబు కూడా ఊడింది కదా!"

ఆ రోజు ఆ కూడలిలో పది నిమిషాల పాటు ఒక పోలీసు పళ్ల మధ్య తెల్లదారం పట్టుకుని, విజిల్ లేకుండా ఒంటిచేత్తో ట్రాఫిక్ నడిపాడు.

చెల్లెలి కొడుకు తారిక్ నిఖా నాడు ఇంకా పెద్ద ముచ్చట జరిగింది. ఖాజీ సాబ్ వచ్చి కూర్చున్నాక ఆపాకు పెళ్లికొడుకు షేర్వానీ చివరి గుండీ వేలాడుతూ కనిపించింది. ఖాజీ సాబ్ ఈ నిఖాకు ఒప్పుకుంటావా, కుబూలేనా అని అడిగాడు. పెళ్లికొడుకు "మ్మ్" అన్నాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ "మ్మ్." పిల్ల మేనమామ లేచి నిలబడ్డాడు. "దూల్హాకు మాట రాదని ముందే ఎందుకు చెప్పలే?" ఆపా తీరిగ్గా ముడి వేసి, దారం తెంపి, "హా, ఇప్పుడు చెప్పు బేటా" అంది. తారిక్ అరిచిన కుబూల్, వెనక వీధిలో బిర్యానీ వండుతున్నవాళ్లకు కూడా వినిపించింది.

ఇలాంటి ఆపా నడిపే కుట్టు క్లాసు హుస్సేనీ ఆలంలో, ఒక మేడ మీద గదిలో ఉంది. కాలితో తొక్కే మిషన్లు ఆరు, నేర్చుకునేవాళ్లు పన్నెండు మంది. మూడు నెలల కోర్సు. అందులోకి శాలిబండ నుంచి రుక్మిణమ్మ వచ్చి చేరింది.

చేరింది అనడం కంటే కూతురు స్రవ్య తెచ్చి దింపింది అనాలి. భర్త బాలనర్సింహ పోయిన ఎనిమిది నెలల్లో రుక్మిణమ్మ గడప దాటింది లేదు. ఎవరైనా "ఎట్ల పోయిండు పాపం?" అని అడిగితే లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంటుంది, ఇక ఆ పూట అన్నం సహించదు. స్రవ్య చూసి చూసి చివరికి ఒక మాట అంది.

"అమ్మా, ఈ క్లాసు పూర్తి చేసి సర్టిఫికెట్ తెస్తే నీ ఇంట్ల నువ్వుండు. నడుమ మానేసినవనుకో, ఇంటికి తాళమేసి సైదాబాద్‌కు తోల్కపోత. నాతోనే ఉండాలె."

రుక్మిణమ్మకు ఆ రెండు గదులు వదలడం ఇష్టం లేదు. ఆయన కుర్చీ, ఆయన రేడియో, కిటికీలో ఆయన పెంచిన తులసి, అన్నీ అక్కడే ఉన్నాయి. అందుకని వచ్చింది. వచ్చిన గంటలోనే, పక్క మిషన్ మీది హరిచందన అడగనే అడిగింది. మనసులో ఏమీ లేని పిల్ల, నోరు మాత్రం ఆగదు.

"అక్కా, మీ సారుకు ఏమైందక్కా? గుండెపోటా?"

రుక్మిణమ్మ సంచి అందుకుని లేవబోయింది.

"ఠైరో, ఆగు!" గది అవతల నుంచి ఆపా వచ్చి పడింది. "జాకెట్ చెయ్యి అంచు ఊడిపాయె బహెన్! గిట్లనే రోడ్డు మీదికి పోతవా? కూసో. ఇగో దారం."

రెండు వేళ్ల వెడల్పు కుట్టుకు ఆపా నలభై నిమిషాలు తీసుకుంది. ఈలోపు క్లాసు ముగిసింది.

అప్పటి నుంచి అదే వరస. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే చాలు, రుక్మిణమ్మ ఒంటి మీద ఏదో ఒకటి ఊడేది. ఒకనాడు హుక్కు. ఒకనాడు చీర ఫాల్. ఇంట్లో బయలుదేరే ముందు ప్రతి కుట్టూ లాగి చూసుకునేది, అన్నీ గట్టిగానే ఉండేవి. క్లాసుకు వచ్చాక ఊడేవి. 'నా బట్టలకు కూడా దిగులు పట్టుకున్నదా ఏంది' అని సిగ్గుపడేది.

మిషన్ పని మాత్రం మెల్లగా పట్టుబడింది. మొదటి వారం దారం లేకుండా పాత పేపరు మీద గీతల వెంట కుట్టడమే. రుక్మిణమ్మ కాలు పెడితే చక్రం వెనక్కి తిరిగేది.

"ముందుకు తొక్కు బహెన్!"

"ముందుకే తొక్కుతున్న ఆపా, అదే ఎనకకు పోతుంది."

"దానికి కూడా నాలెక్క మొండితనం. చెయ్యితోని చక్రం జర అందియ్యి, తర్వాత కాలు. ఫికర్ నక్కో."

పేపరు తర్వాత పాత దుప్పటి ముక్కలు, ఆ తర్వాత చేతి కుట్లు, హెమ్మింగ్, కాజాలు. చివరికి మూడో నెలలో రుక్మిణమ్మ ఒక కుర్తా పూర్తి చేసింది. పక్క కుట్లు తాడు పట్టి గీసినట్టు వచ్చాయి.

పరీక్ష నాడు సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నుంచి రామ్‌చందర్ సార్ వచ్చాడు. మంచి మనిషే, కాకపోతే ఫారంలో ఏ గడీ ఖాళీగా ఉంచడు. ఒక్కొక్కరి కుర్తా చూసి, ప్రశ్నలు అడిగి, సంతకం చేస్తున్నాడు. రుక్మిణమ్మ వంతు వచ్చింది.

"భర్త లేరా అమ్మా? అయ్యో. ఎప్పుడు పోయిండు? ఎట్ల పోయిండు? రాయాలె, గడి ఉంది."

రుక్మిణమ్మ సంచి దగ్గరికి లాక్కుంది. ఇంకొక్క మాట అడిగితే లేచి మెట్లు దిగిపోతుంది. దిగిపోతే సర్టిఫికెట్ పోతుంది, దాంతో ఇల్లు పోతుంది. చూపు ఎటూ పోక బల్ల కిందికి దించింది.

అక్కడ ఆపా చెయ్యి కనిపించింది. రెండు వేళ్ల సందున దారాలు తెంపే చిన్న కత్తెర. అది బల్లిలా పాక్కుంటూ పోయి సార్ ఎడమ చేతి మణికట్టు దగ్గర టిక్కుమంది. గుండీ కింద పడి దొర్లింది.

"అరెరె సార్! అఫ్సర్ సాబ్ చొక్కాకు గుండీ లేకుంటే మా క్లాసు ఇజ్జత్ ఏం గావాలె?" అంటూ ఆపా అప్పటికే సార్ పళ్ల మధ్య పోగు పెట్టేసింది. "నోరు తెరువద్దు, అక్కల్ కుట్టుకుపోతది. మీకు మస్తు అక్కల్ ఉంది."

"మ్మ్?"

"ఈ కుర్తా చూడుర్రి. కుట్టు సీదా ఉందా?"

సార్ తలూపాడు.

"కాజాలు?"

తలూపాడు.

"పాస్ కదా? అయితే సంతకం పెట్టుర్రి. ఎడమ చెయ్యి నా దగ్గర ఉంది, కుడి చెయ్యి ఖాళీగనే ఉంది కదా."

సార్ సంతకం పెట్టాడు. ఆ గడి ఖాళీగానే ఉండిపోయింది.

అందరూ వెళ్లాక రుక్మిణమ్మ స్రవ్యకు ఫోన్ చేసింది. "పాసైన బిడ్డా. తాళం వద్దు." ఫోన్ పెట్టేసి ఆపా వైపు తిరిగింది.

"ఆపా, ఈ మూడు నెలలల్ల నావి ఎన్ని కుట్లు తెంపినవ్?"

"నేనా? తౌబా తౌబా!"

"నిజం చెప్పు."

ఆపా దుపట్టా సర్దుకుంది. "పదకొండు. ఫాల్ లెక్కల లేదు, అది నిజంగనే ఊడింది." సూదిని మళ్లీ దాని అంచుకు గుచ్చుకుంటూ అంది, "నోట్ల దారం ఉన్నోళ్లను ఎవ్వరు జవాబడగరు బహెన్. మా ఆయన పోయినప్పుడు నాకు ఎవ్వరు దారం పెట్టలే."

రుక్మిణమ్మ బల్ల మీది చిన్న కత్తెర తీసుకుని, ఆపా కుర్తా చేతి గుండీని టిక్కున తెంపింది.

"అరే! ఏం చేస్తున్నవ్?"

"గుండీ ఊడింది ఆపా. దారం నోట్ల పెట్టుకో."

ఆపా నోరు మూసుకుంది. రుక్మిణమ్మ సూదికి దారం ఎక్కించి మొదలుపెట్టింది.

"మా ఆయన చొక్కా గుండీలు ఎన్నడు సక్కగ పెట్టుకోలే. మొదటిదే తప్పు కాజాల పెడ్తుండె. ఇగ కిందిదాక అన్నీ తప్పే. ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. గట్లనే శాలిబండంత తిరుగుతుండె. ఏందయ్యా ఇది అంటే ఏమంటుండెనో తెల్సా? అన్నీ ఒక్క తీరుగనే తప్పినయ్ గద, ఇంక తప్పెక్కడుంది అంటుండె!"

ఆపా భుజాలు అదిరాయి. ముక్కులోంచి నవ్వు బుస్సుమని వచ్చింది. పళ్ల మధ్య పోగు ఎటు పోయిందో పోయింది.

"మింగినవా?"

ఆపా కళ్లు తుడుచుకుంటూ తలూపింది.

"ఏం గాదు, ఇంకోటి ఇస్త" అంటూ రుక్మిణమ్మ రీలు అందుకుంది. "జర మంచిగ పట్టుకో. ఆయన ముచ్చట్లు ఇంక మస్తున్నయ్."