తాబేలు కబురు ముందు, అసలు కబురు తర్వాత

మావయ్య పోయాడు. పోయిన నెల ఒకరోజు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రాత్రి అన్నం తిని పడుకున్నవాడు తెల్లారి లేవలేదట. కిడ్నీల జబ్బు ఊరూరా ఉన్న మా ఉద్దానంలో ఎవరైనా పోయారంటే ముందు అడిగే మాట "ఎన్నాళ్ళు తిరిగినాడు?" అని. డయాలసిస్ కోసం ఆసుపత్రి చుట్టూ ఎన్నాళ్ళు తిరిగాడని దానర్థం. మావయ్య సంగతి అడిగిన వాళ్ళందరికీ "ఒక్కరోజూ నేదు" అని చెప్పగలిగాం. అలా చెప్పినప్పుడల్లా ఏడుపు మధ్యలోనే నాకు గుండె తేలికపడింది. ఆ సంగతి దాచుకోను.

మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. కాశీబుగ్గలో రేడియోలు, టీవీలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. కొత్త యంత్రం ఏది కనబడినా విప్పి చూడనిదే ఆయనకు అన్నం సహించేది కాదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆ కొట్టు పక్కనే ఇంటర్నెట్ సెంటర్ తెరిచారు. కోతికి కొబ్బరిచిప్ప దొరికింది. కొబ్బరితోటల వాళ్ళం కాబట్టి ఈ సామెత వాడుకునే హక్కు మాకు అందరికన్నా ఎక్కువే.

ఇంటర్నెట్‌లో జనం ఉద్యోగాలు వెతుక్కున్నారు, పరీక్ష ఫలితాలు చూసుకున్నారు. మావయ్య మాత్రం ఎందుకూ పనికిరానివన్నీ ఏరుకున్నాడు. ఏదో దేశంలో ఒక ఆఫీసు వాళ్ళు కాఫీ పాత్ర ఎదురుగా కెమెరా పెట్టారట, అందులో కాఫీ ఉందో అయిపోయిందో లోకమంతా చూడొచ్చట. ఇంకోచోట ఒక బొత్తాం ఉంటుంది, నొక్కితే "ఏమీ జరగలేదు" అని వస్తుంది, అంతే. అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది ఒకావిడ తన తాబేలు గురించి రాసే డైరీ. "ఈరోజు కదల్లేదు." మర్నాడు, "ఈరోజు కూడా కదల్లేదు." వీటన్నిటినీ పాత డైరీ వెనక పేజీల్లో రాసుకుని ఆదివారం బస్సెక్కి కవిటి దగ్గరున్న మా ఊరొచ్చేవాడు.

"అప్పా, తాబేలు గోడ దాకా ఎల్లింది!" అని వాకిట్లోంచే వాళ్ళక్కని కేకేసిన ఆదివారం నాకింకా గుర్తుంది. అమ్మ పొయ్యి మీది కూర వదిలేసి వచ్చి, "ఓలమ్మ, నిజమేనేటి! మళ్ళీ ఎనక్కొచ్చిందా?" అని అడిగింది. ఎన్నడూ చూడని తాబేలు కోసం ఆ పూట మా ఇంట్లో కూర మాడింది.

ఆయన కబుర్లకు ఒక వరస ఉండేది. ముందు వింతలు, తర్వాత ఊళ్ళో కబుర్లు, చిట్టచివర అసలు పని. తన పెళ్ళి కుదిరిన సంగతి కూడా ఎవరిదో టేప్ రికార్డర్ రిపేరు కథంతా అయ్యాకే చెప్పాడని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఎందుకలా అంటే, "ముందు నవ్వాల. నవ్వినోడి సెవి తెరుసుకుంటాది. అప్పుడు అసలు మాట లోపలికెల్తాది" అనేవాడు.

నాన్నకి ఈ వింతలేవీ పట్టేవి కావు, ఒక్క జీడిచెట్టు తప్ప. బ్రెజిల్‌లో ఒకే ఒక్క జీడిచెట్టు, కొమ్మలు నేలకి వాలి, వాలినచోటల్లా వేళ్ళు దిగి, రెండెకరాలు పాకిందని మావయ్య బొమ్మ అచ్చు తీయించి తెచ్చాడు. నలుపు తెలుపు అచ్చు. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది జీడిసెట్టేటిరా? జీడిపిక్కల నూని ఒలికిన గుడ్డలాగుంది" అన్నాడు. జీడితోట రైతుని పట్టుకుని రెండెకరాల చెట్టని నమ్మించడం అంత తేలిక కాదు.

ఆ ఏడే నాన్న కాళ్ళు వాయడం మొదలైంది. సాయంత్రానికి చెప్పుల్లో పాదాలు పట్టేవి కావు. మా వీధిలో అప్పటికే ఇద్దరు ఆ కిడ్నీ జబ్బుతో పోయారు, వాళ్ళకీ కాళ్ళ వాపుతోనే మొదలైంది. రక్తపరీక్ష చేయించుకోమని అమ్మ కాళ్ళావేళ్ళా పడింది. "పరీచ్చ సేయించుకుంటేనే జబ్బు బయటపడతాది. నేకపోతే జబ్బే నేనట్టు" అనేవాడు నాన్న. మొండితనం కాదు అది, భయం. మా ఊళ్ళో సగంమంది మగవాళ్ళు అప్పుడు అదే మాట అనేవారు.

మావయ్య బతిమాలలేదు. "బావా, ఆ సెట్టుని రంగుల్లో సూడాలంటే కాశీబుగ్గ రావాల" అన్నాడు. నాన్న వెళ్ళాడు. కంప్యూటర్ ముందు కూర్చుని పచ్చటి ఆ చెట్టుని చూసి, కలుపెలా తీస్తారు, పిక్కలెవరు ఏరుతారు అని గంటసేపు వాదించాడట. ఆ వాదన ఆగకుండానే మావయ్య ఆయన్ని పక్క వీధిలోని రక్తపరీక్షల సెంటర్‌కి నడిపించాడు. చెట్టు మాటల్లో పడి నాన్న చెయ్యి చాపేశాడు.

రిపోర్టు డాక్టరుకి చూపించి మర్నాడు తనే తెస్తానన్నాడు మావయ్య. మేం ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది, చేతులు మాత్రం కదలడం లేదు. సాయంత్రం బస్సు దిగి వచ్చాడు. మంచినీళ్ళు తాగాడు. డైరీ తీశాడు.

"అప్పా, తాబేలు ఈ రోజు…"

అమ్మ ముఖం పాలిపోయింది. మావయ్య తాబేలు ముగించి కాఫీ పాత్ర మొదలెట్టాడు. చెప్పలేని మాట ఉండబట్టే సాగదీస్తున్నాడనుకున్నాం. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నాన్న మెల్లగా లేచి నిలబడి, "సెప్పీరా. ఎన్నాళ్ళుంటాను?" అన్నాడు.

మావయ్య తెల్లబోయాడు. "ఏటి ఎన్నాళ్ళు? బాగున్నాయి బావా కిడ్నీలు! శుబ్బరంగా ఉన్నాయట. కాళ్ళల్లో నరాలు ఉబ్బినాయట, పడుకున్నప్పుడు కాళ్ళు ఎత్తు మీద ఎట్టుకోమన్నాడు డాక్టరు. అదే సెప్తన్నాను కదా, వరసలో!"

అమ్మ చేటలో బియ్యం నేల మీద కుమ్మరించి, ఆ చేటతోనే తమ్ముడి వీపు మీద రెండిచ్చింది. తర్వాత అక్కడే చతికిలబడి బావురుమని ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, "ఇంతకీ ఆ తాబేలుకేటయిందిరా?" అంది. అంత నవ్వు మా ఇంట్లో అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు. నాన్న మాత్రం నవ్వలేదు. బావమరిది భుజం మీద చెయ్యి వేసి పక్కనే కూర్చున్నాడు.

ఆ నెలలోనే నాన్న మా వీధిలో మరో నలుగురిని కాశీబుగ్గ తీసుకెళ్ళాడు. వాళ్ళలో ఒకాయనకు జబ్బు మొదట్లోనే దొరికింది. మందులు వాడుతూ ఆయన ఇప్పటికీ తోటకి వెళ్తున్నాడు. పనికిరానివి ఏరుకునే మావయ్య వల్ల జరిగిన మేలు ఇది. ఆయనకి ఎదురుగా ఎప్పుడూ థాంక్స్ చెప్పలేదు. చెప్పినా డైరీ తీసి ఇంకో వింత చదివేవాడేమో.

పోయిన నెల మావయ్య పాడె ఎత్తేటప్పుడు నాన్న ముందుకొచ్చాడు. "ఇసకలో నడవాల, పెద్దోడివి, నువ్వొద్దు మావా" అని ఎవరో అన్నారు. నాన్న వినలేదు. "నాను మొయ్యాల" అన్నాడు, అంతే. చెప్పులు విడిచి, పంచె పైకి కట్టి, ముందు కొమ్ము భుజానికెత్తుకున్నాడు. ఆడవాళ్ళం వీధి చివర ఆగిపోయాం. అక్కణ్ణుంచి చూస్తే తోట మధ్య ఇసుకదారిలో నాన్న వెళ్తున్నాడు. అడుగు తీసి అడుగు వేస్తున్నాడు, సన్నటి చీలమండలు ఇసుకలో దిగుతూ, తేలుతూ. ఎక్కడా భుజం మార్చుకోలేదు.