మీసాల సింహాలు

ఆ రోజుల్లో మా నూజివీడు వాళ్లం మామిడికాయని పచ్చడికి, పండుని రసానికి, ఆకుని తోరణానికి తప్ప వేరే దేనికీ చూసేవాళ్లం కాదు. ఎవరైనా తోటలో నిలబడి చెట్టుకేసి తదేకంగా చూస్తుంటే, కాయల బేరానికి వచ్చాడనుకునేవాళ్లం. అలాంటి ఊళ్లో, స్వరాజ్యం వచ్చిన కొత్తలో, ఒక యూదుల డాక్టరు గారి భార్య తోటల వెంట బొమ్మలు గీసుకుంటూ తిరిగేది. ఐరోపా యుద్ధంలో ఇంటినీ వాకిలినీ, అయినవాళ్లనీ పోగొట్టుకుని ఇటు వచ్చినవాళ్లు. మర్యాదకి లోటు రాకూడదని ఆవిడ తెలుగులో అందర్నీ 'అండీ' అనేది. (మా కుక్కని కూడా 'జరగండి' అనేది. అది జరిగేది. మా మాట మాత్రం వినేది కాదు.)

నాకు కుట్టుపని వచ్చని విని, మా పెద్దమ్మని అడిగి నన్ను సాయానికి పెట్టుకుంది. తెరలు, దిండు గలీబులు, బల్ల మీద పరిచే గుడ్డలు కుట్టేవాళ్లం. వాళ్ల పెద్దల కాలం నాటి ఏడు కొమ్మల దీపం బొమ్మ గీసి, ఆ కొమ్మల్ని మామిడి కొమ్మలు చేసి, మంటలుండే చోట ఎర్రటి లేత చిగుళ్లు పెట్టేది. పుట్టినప్పట్నుంచీ ఆ చిగుళ్ల కింద తిరిగినదాన్ని. అవి వెలుగుతాయని నాకు అప్పుడే తెలిసింది.

ఒకరోజు చేతిలో ఉత్తరంతో పరుగున వచ్చింది. "మా చెల్లెలు బతికే ఉందండి. శుక్రవారం వస్తోంది. ఆ రాత్రితో మా విశ్రాంతి దినం మొదలవుతుంది, పొద్దుగుంకేలోపు దీపాలు పెట్టి, బల్ల మీద కొత్త గుడ్డ పరవాలి. దీపానికి రెండు పక్కలా కాపలా సింహాలు మీరే గీసి కుట్టండి" అంది.

నేను సింహాన్ని చూస్తేగా. ఆ మాట చెప్పడానికి నామోషీ వేసి, "అదెంత పనండీ" అనేశాను. గంభీరమైన మొహమంటే నాకు తెలిసింది భోంచేసి అరుగు మీద కునుకుతీసే మా బాబాయిదే. అదే గీశాను, అదే కుట్టాను. శుక్రవారం మధ్యాహ్నం పెద్దమ్మ గుడ్డ విప్పి చూసి, "ఏమే, మీ బాబాయిని నాలుగు కాళ్ల మీద నిలబెట్టావేంటే?" అంది.

"సింహాలు పెద్దమ్మా."

"మీసాలున్నాయి కదే. ఆయనకి చూపించకు, అన్నం మానేస్తాడు."

విప్పి కుట్టే వ్యవధి లేదు. గుడ్డ బల్ల మీదికి వెళ్లింది, ఆ వెనకే చెల్లెలు వచ్చింది. ఎముకలకి గౌను తొడిగినట్టుండే మనిషి. అక్కని పట్టుకుని చాలాసేపు నిలబడింది. బల్ల దగ్గర కూర్చోబెట్టాక చూపు సింహాల మీద పడింది. నేను గుమ్మంలోకి జరిగాను. ఆవిడ వేలితో ఆ మీసాలు తడిమింది, అక్కతో ఏదో అంది. ఉన్నట్టుండి ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. భుజాలు కదిలిపోయేలా నవ్వి, నవ్వి, ఏడ్చారు. డాక్టరు గారు నా దగ్గరికొచ్చి మెల్లగా, "వాళ్ల నాన్నగారి మీసాలు అచ్చం ఇవేనమ్మా. ఆయన ఫోటో ఒక్కటి కూడా మిగల్లేదు" అన్నారు.

దీపాలు వెలిగించారు. ఆ వెలుగులో దారపు చిగుళ్లు నిజంగానే అంటుకున్నట్టున్నాయి. డాక్టరు గారి భార్య నా చేతులు పట్టుకుని, "మా నాన్నగారిని మీరెక్కడ చూశారండీ?" అంది. 'మా అరుగు మీదండీ' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. దణ్ణం పెట్టి బయటపడ్డాను.

తోటలోంచి ఇంటికి నడుస్తుంటే లోకాన్నంతా నేనే కుట్టినంత గర్వం. ఆ గర్వంలో పెద్దమ్మ తెమ్మన్న ఉప్పు మరిచిపోయి, చీవాట్లతో పాటు చప్పటి పప్పూ తిని పడుకున్నాను. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించాలంటే మనవరాలిని పిలవాలి. ఆ రాత్రి చప్పటి పప్పు తిన్న ఆ పొగరుబోతు పిల్ల మీద మాత్రం నాకింకా ముద్దే.