జగన్మోహన్ పీకిన జరీ పోగు

జగన్మోహన్ ఎవరింటికి వెళ్ళినా ఏదో ఒకటి పీక్కుపోతాడు. దొంగ అనకండి, దొంగయితే విలువైనవి పట్టుకుపోతాడు. ఇతనికి కావలసింది కుక్క బొచ్చు, చీర అంచు పోగు, కృష్ణుడి పటానికి పెట్టిన నెమలి ఈక. 1984లో నేను అమెరికాలోని క్యారీలో మా అమ్మాయి రేణు ఇంట్లో దిగిన మొదటి ఆదివారమే, నా కాళ్ళకు దణ్ణం పెట్టి పైకి లేస్తూ నా చెవి మీది తెల్ల వెంట్రుక ఒకటి లాగేశాడు.

"ఏవిటయ్యా ఇది!" అని అరిచాను.

"సారీ మాస్టారూ. ఫ్లై తోకకి ఇంతకన్నా మంచిది దొరకదు."

మందుల కంపెనీలో కెమిస్టు. శనివారమైతే కొండవాగుల్లో చేపల కోసం తిరుగుతాడు. గాలపు ముల్లుకు ఈకా పోగూ చుట్టి పురుగులా తయారుచేస్తాడు, దాన్నే ఫ్లై అంటారు. చేప వచ్చి దాన్ని అందుకుంటుంది. అందుకున్నాక? ముల్లు తీసి వదిలేస్తాడు! పులుసు లేదు, వేపుడు లేదు. వీధిబడిలో ఇసుక మీద అక్షరాలు దిద్దుకుని హైస్కూలు హెడ్మాస్టరునైనవాణ్ణి, వరసగా ఆరేళ్ళు నూటికి నూరుమందినీ పాస్ చేయించినవాణ్ణి, ఉత్త చేతులతో కాలవలో కొరమీనుని పట్టినవాణ్ణి, ఇంత అన్యాయం ఎక్కడా చూడలేదు.

అతని కోపమల్లా ఇంకో చేప మీద. "బ్రూక్ ట్రౌట్ ఈ కొండల సొంత చేపండీ! పడమటి నుంచి రెయిన్‌బో ట్రౌట్ చేపల్ని తెచ్చి వాగుల్లో వదిలారు. అవి వీటి చోటంతా లాక్కున్నాయి. పైన చల్లటి పాయల్లో నాలుగు మిగిలాయంతే!"

"నువ్వూ గుడివాడ నుంచి దిగినవాడివే కదరా," అన్నాడు ఆ రోజు భోజనాల దగ్గర అతని స్నేహితుడు దామోదర్.

"నేనెవరి తిండీ లాక్కోలేదు."

"మరి నా ప్లేట్‌లో గారె ఏది?"

నాకు పౌరుషం వచ్చింది. "ఒక్కరోజు నన్ను తీసుకెళ్ళు. ఆ చేప సంగతేమిటో తేలుస్తాను," అన్నాను.

"మాస్టారూ, ఇందాక పెరుగన్నంలో ఉప్పనుకుని చక్కెర వేసుకున్నారు. మీకు వాగులో చేప కనపడుతుందా?" అన్నాడు దామోదర్. అందరూ నవ్వారు.

"నా చూపుకేం?" అని కసిరాను. నిజానికి కళ్ళకు పొర కమ్మి అప్పటికి ఏడాది. రేణుకు కూడా చెప్పలేదు. వెనక బెంచీలో కాపీ కొట్టేవాణ్ణి గుమ్మంలోంచే పట్టుకున్న కళ్ళవి! ఒక్క చేపైనా పట్టకపోతే పరువేం కాను?

సరిగ్గా అప్పుడే జగన్మోహన్ నా శాలువా అంచు పట్టుకుని బెత్తెడు జరీ పోగు సర్రున లాగాడు.

"అది సన్మానం శాలువా! విద్యాధికారిగారు స్వయంగా కప్పింది!"

"అందుకే మెరుస్తోంది మాస్టారూ."

అతని భార్య విజయశ్రీతో మొరపెట్టుకున్నాను. "నా పెళ్ళి చీరకి అసలు అంచే లేదు బాబాయిగారూ. మీకింకా మూడు వైపులున్నాయి," అంది.

శనివారం ముగ్గురం కొండలెక్కాం. మోకాలి లోతు నీళ్ళు, ఎముకలు కొరికే చలి. మొదటి రెండుసార్లూ నా గాలం పొదలకు తగులుకుంది. దామోదర్ కిసుక్కుమన్నాడు. మూడోసారి నల్లటి నీటి మీద బంగారు చుక్క ఒకటి తేలుతూ వచ్చింది. నాకు కనపడింది! ఏడాదిగా పత్రికలో పెద్దక్షరాలు తప్ప కనపడని నాకు! చుక్క చటుక్కున మాయమైంది. లాగాను.

జానెడు కూడా లేదు. ఎర్రచుక్కల చుట్టూ నీలి వలయాలు, రెక్కలకు తెల్ల అంచు. "చేతులు తడుపుకుని రిలీజ్ చేసెయ్యండి మాస్టారూ," అన్నాడు జగన్మోహన్. ఒళ్ళు మండింది. వదిలాను.

"ఈ వాగులో బూడిద రంగు ఫ్లై తప్ప వాడనివ్వవు కదరా. మాస్టారికి బంగారందెందుకిచ్చావ్?" అన్నాడు దామోదర్.

"నోర్మూసుకుని నీ గాలం చూసుకో."

జగన్మోహన్ ఫ్లైల డబ్బాలోకి వంగి చూశాను. అన్నీ దోమంత బూడిద నలుసులు, ఒక్కటీ నా కంటికి ఆనలేదు. నా కళ్ళ సంగతి అతనికి ఎప్పుడు తెలిసిందో ఏమో!

సాయంత్రం ఇంటికొచ్చేసరికి అందరూ చుట్టుముట్టారు. "చేప పైకి లేవడమే నాకు కనపడలేదు," అన్నాడు జగన్మోహన్, నిజం చెబుతున్నంత ధీమాగా. "మాస్టారే చూసి గాలం లాగారు."

అబద్ధాలాడేవాళ్ళంటే సర్వీసంతా నాకు గిట్టలేదు. ఎంతమంది చేత గోడకుర్చీ వేయించానో! లేచి నిలబడి గట్టిగా మందలించాను.

"కుడివైపు నుంచి వచ్చిందని కూడా చెప్పవయ్యా!"