రికార్డులో లేని బూట్ల చప్పుడు

ఆస్ట్రేలియాలోని పోర్ట్ కెంబ్లాలో నెవిల్ పర్టెల్ ఇల్లెక్కడ అంటే ఎవరైనా తడుముకునేవారేమో గానీ, బూట్ల నెవిల్ అంటే పసిపిల్లలు కూడా వేలు పెట్టి చూపించేవారు. మనిషిని చూస్తే ఏముంది? పొట్టి, బట్టతల, స్టీలు ఫ్యాక్టరీలో క్రేను నడిపి నడిపి వంగిపోయిన వీపు. పాడలేడు, ఏ వాయిద్యమూ పట్టలేడు. అతని గొప్పంతా మడమల్లో ఉంది.

ఫర్నేస్ బాయ్స్ అని ఆ ఊరి కుర్రాళ్ళే పెట్టుకున్న రాక్ బ్యాండు ఒకటుండేది. తొలి రోజుల్లో వాళ్ళు ఫ్యాక్టరీ గేటుకెదురుగా ఉన్న పబ్బులో పాడేవారు. ఒకనాడు వాళ్ళ డ్రమ్ములను ఎవడో వ్యానుతో సహా ఎత్తుకుపోయాడు. పాటగాడు రస్ హాలోరన్ ఊరుకునే రకమా? "డ్రమ్ముల్లేకపోతే మీ బూట్లున్నాయి కదరా, తొక్కండి!" అని అరిచాడు. షిఫ్టు దిగి వచ్చిన మగాళ్ళంతా ఇనుప ముక్కుల బూట్లతో చెక్కనేలను దడదడలాడించారు. అందరిలోకీ తాళం తప్పకుండా తొక్కింది నెవిలే. ఆ చప్పుడుతోనే ఫర్నేస్ బాయ్స్ తొలి రికార్డు చేశారు. దేశమంతా దాన్ని నెత్తిన పెట్టుకుంది. రస్ సిడ్నీ వెళ్ళాడు, లండన్ వెళ్ళాడు. నెవిల్ బార్‌లో కుడివైపు చివరి స్టూలు మీదికి వెళ్ళాడు. అప్పటినుంచీ ఆ స్టూలు అతనిదే. అతను రాకముందు దాని మీద ఎవరైనా కూర్చుంటే బార్ నడిపే మర్లీన్ గుడ్డతో కొట్టినంత పని చేసేది.

ఫ్యాక్టరీ మనుషులను పనిలోంచి తీసేసిన ఏడాది నెవిల్‌నూ తీసేసింది. ఇక మిగిలింది ఆ స్టూలే. పొద్దున్నంతా వంటింట్లో భార్య గ్వెండా కాళ్ళకు అడ్డం పడుతూ తిరిగేవాడు. సాయంత్రం షిఫ్టు దిగే వేళకు, తనకు ఏ షిఫ్టూ లేకపోయినా, బూట్లు తొడుక్కుని పబ్బుకు బయలుదేరేవాడు.

"క్రేను మీకోసం కాచుకుని ఉంది కాబోలు, దొరగారూ," అనేది గ్వెండా, బంగాళాదుంపలు తరుగుతూ.

"బూట్లు లేకుండా వెళ్తే నన్ను గుర్తుపట్టొద్దూ?" అనేవాడు నెవిల్. వేళాకోళానికే అనేవాడు గానీ, ఆ మాటలో భయం కూడా ఉండేది.

అలాంటి రోజుల్లో రస్ హాలోరన్ స్వయంగా ఫోన్ చేశాడు. చాలా ఏళ్ళకు కొత్త రికార్డు చేస్తున్నారట, మొదటి పాటకు నెవిల్ బూట్లు కావాలట. గ్వెండా కారు తీసి, సిడ్నీ దాకా తనే నడిపింది. స్టూడియోలో గుడ్డలు కప్పిన గోడల మధ్య ఒక చెక్క పలక వేసి అతన్ని నిలబెట్టారు. మళ్ళీ, ఇంకోసారి, ఇంకొంచెం గట్టిగా అంటూ మడమ వాచేదాకా తొక్కించారు. గ్వెండా అద్దం అవతల చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అయ్యాక రస్ వచ్చి నెవిల్‌ను కావలించుకుని, "నువ్వు లేకపోతే ఈ పాటే లేదు నెవ్," అన్నాడు. తిరిగొస్తుంటే దారి పొడవునా నెవిల్ ఏడుస్తూనే ఉన్నాడు. గ్వెండా చూడనట్టే బండి నడిపింది.

ఆ మర్నాటినుంచి పబ్బులో వేరే మాట లేదు. రికార్డు ఎప్పుడొస్తుంది, ఎలా ఉంటుంది అని ఎవరడిగినా నెవిల్‌నే అడగాలి. "పాత ఫర్నేస్ బాయ్సేరా! ఇనుమే! ఒక్క మెత్తటి పాట ఉంటే నా చెవి కోసుకో," అనేవాడు. అతను విన్నది తన బూట్ల చప్పుడు ఒక్కటే. ఆ సంగతి మాత్రం చెప్పలేదు. క్లైవ్ రెన్షా అని, అతనితోపాటు క్రేను మీద పనిచేసినవాడే, నోరు మహా చెడ్డది. అతను కూడా, "బూట్లోడు చెప్పాడంటే చెప్పాడే," అని తన డబ్బుతో నెవిల్‌కు బీరు పోయించాడు.

రికార్డు వచ్చిన శుక్రవారం మర్లీన్ రేడియోలో గుర్రప్పందేలు ఆపేసింది. ఆ పబ్బులో అంతకుమించిన మర్యాద లేదు. మొదటి వైపు పూర్తయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదని అక్కడి కట్టు. ముందుగా రికార్డు అట్ట చేతులు మారింది. తెల్ల సూట్లు వేసుకుని ఫర్నేస్ బాయ్స్ నలుగురూ సముద్రపు ఒడ్డున నిలబడి ఉన్నారు. కాళ్ళకు ఏమీ లేవు.

మొదటి పాట మొదలైంది. టిక్, టిక్, టిక్ అని ఏదో మెషీను చప్పుడు, చుక్క చుక్కగా కారే కొళాయిలాగా. దాని మీద వయొలిన్లు. రస్ గొంతు చక్కెరపాకంలో ముంచి తీసినట్టుంది. పాటేమో మనసును క్షమించమని సముద్రాన్ని బతిమాలుతోంది. మగాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక గ్లాసుల్లోకి చూశారు. రెండో పాటలో చిన్నపిల్లల బృందం పాడింది. మూడోదానిలో సాక్సఫోను ఏడ్చింది. నెవిల్ మాత్రం తల వంచి, చెవి స్పీకరు వైపు పెట్టి, ఇప్పుడొస్తుంది, ఇదిగో ఇప్పుడొస్తుంది అన్నట్టు కుడికాలు కాస్త పైకెత్తే ఉంచాడు. ఆ కాలు దించే సందే రాలేదు.

సూది చివరికి వెళ్ళి గీరుకుంది. ఎవరూ తిప్పి వెయ్యమనలేదు.

ముందు ఒక ముసలాయన అన్నాడు, "మా ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర ఇలాంటిదే పెడతారు." ఎవరూ నవ్వలేదు. వాళ్ళకు నిజంగానే కడుపు మండింది. పెళ్ళిళ్ళకు, చావులకు, సమ్మె రోజుల్లో గేటు ముందు నిప్పు చుట్టూ నిలబడి పాడుకున్న పాటలు ఆ కుర్రాళ్ళవి. ఆ కుర్రాళ్ళేమో చెప్పుల్లేకుండా సముద్రానికి సారీ చెబుతున్నారు. తిడదామంటే రస్ లండన్‌లో ఉన్నాడు. చేతికి దొరికినవాడు కుడివైపు చివరి స్టూలు మీద ఉన్నాడు.

"ఒరేయ్ నెవిల్," అన్నాడు క్లైవ్, తీరిగ్గా. "ఇనుమన్నావు. ఇది ఐసుక్రీము కాదుట్రా?"

"రెండో వైపు ఉంటుందేమో..."

"మొదటి పాటన్నావు. ఏవిరా నీ బూట్లు?"

"తొక్కానురా! నిజంగా తొక్కాను! తీసేసినట్టున్నారు..."

"బూట్లే లేనివాళ్ళకి నీ బూట్లెందుకురా?" క్లైవ్ అట్ట ఎత్తి అందరికీ చూపించాడు. అప్పుడు నవ్వారు. ఎంతసేపట్నుంచో బిగపట్టుకున్న నవ్వు, గోడలు అదిరేట్టు నవ్వారు. ఒకడు గోటితో బల్ల మీద టిక్, టిక్, టిక్ అని కొట్టాడు. పక్కవాడు అందుకున్నాడు. కాసేపటికి బారంతా గోళ్ళతో టిక్కుటిక్కులాడింది.

నెవిల్ ఏం చేశాడంటే, గ్లాసులో మిగిలినది గటగటా తాగేసి, దాన్ని బల్ల మీద బోర్లించాడు.

ఆ పబ్బులో ఖాళీ గ్లాసు బోర్లిస్తే అర్థం ఒకటే. ఇక్కడున్న ఏ మొనగాడితోనైనా సరే, పెరట్లోకి వస్తే తలపడతానని. బోర్లించినవాడి మీదికి ఎవరో ఒకరు లేవాలి. లేస్తే దెబ్బలు తగులుతాయి గానీ మర్యాద దక్కుతుంది. నెవిల్‌కేమో యాభయ్యెనిమిదేళ్ళు, మోకాలు సరిగా ముడుచుకోదు. గోళ్ళ చప్పుడు ఆగింది. నెవిల్ పిడికిళ్ళు బిగించి ఒక్కొక్క ముఖం వైపూ చూశాడు.

ఒక్కడూ లేవలేదు.

"ఎవడైనా లేవండ్రా, పాపం," అన్నాడు క్లైవ్. "మనిషి కాచుకుని ఉన్నాడు."

చివరికి మర్లీనే వచ్చి, గ్లాసు తిప్పి నిలబెట్టి, అందులో నిమ్మసోడా పోసింది. "ఎండ దెబ్బ తగిలినట్టుంది నాయనా. తాగి ఇంటికెళ్ళు," అంది. ఆ మనిషి మంచికే అంది. దానికన్నా క్లైవ్ లేచి తన పళ్ళు రాలగొట్టినా నెవిల్‌కు బాగుండేది.

ఆ తర్వాత అతనికి 'మెషీను' అని పేరు పెట్టారు. అతను గుమ్మంలో అడుగు పెడితే చాలు, గోళ్ళు మొదలయ్యేవి. గ్వెండా రికార్డు కంపెనీకి ఫోన్ చేస్తే, "ఏ నెవిలండీ?" అంది అవతలి అమ్మాయి. వారాలు గడిచాయి. నెవిల్ పచ్చిక మీద బంతులు దొర్లించే బౌలింగ్ క్లబ్బుకు వెళ్ళి కూర్చున్నాడు. అక్కడివాళ్ళు గడ్డి గురించి తప్ప ఇంకేమీ మాట్లాడరు. అదీ మానేసి వంటింట్లో గోడకెదురుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. ఉప్పు మాంసం ఉడకబెట్టి పెడితే ముట్టేవాడు కాదు. మనిషి సగమయ్యాడు.

"లే," అంది గ్వెండా ఒక శుక్రవారం. "నే వస్తా. నేను చెప్తా వాళ్ళకి. కారు నడిపింది నేను, అద్దంలోంచి చూసింది నేను. నా మాట కాదనే మొహం ఎవడికుందో చూస్తా."

ఆవిడ అబద్ధమాడే మనిషి కాదని ఊరందరికీ తెలుసు. చర్చి హుండీ తాళం ఆవిడ దగ్గరే ఉండేది. మంచి స్వెటరు వేసుకుని, భర్తను ముందు పెట్టుకుని పబ్బులోకి వచ్చింది. ఆవిడను చూసి గోళ్ళు ఆగాయి. ఆవిడ నిలబడే చెప్పింది. చెక్క పలక, వాచిన మడమ, రస్ కావలించుకోవడం, అన్నీ. కార్లో ఏడ్చిన సంగతి ఒక్కటే దాచింది.

బార్లో అందరూ ఆవిడ మాట నమ్మారు. నెవిల్ తలెత్తి చూశాడు. గెలిచాననుకుని చూశాడు. కానీ ఆ ముఖాల్లో ఉన్నది మర్యాద కాదు, జాలి. ముసలాయన ఒకడు కళ్ళు తుడుచుకున్నాడు. క్లైవ్ కూడా గొంతు తగ్గించాడు.

"అంటే, పిలిపించి, అంతసేపు తొక్కించి, వినిపించుకుని, బావులేదని పారేశారన్న మాట," అన్నాడు. "ఆ ఐసుక్రీములోకి కూడా పనికిరాలేదురా నువ్వు?"

వెక్కిరించలేదు. నిజంగానే బాధపడి అడిగాడు. నెవిల్ చుట్టూ చూశాడు. స్టూలు ఖాళీగానే ఉంది. అబద్ధాలకోరు కూర్చోవచ్చు దాని మీద. పబ్బులో సగం మంది అబద్ధాలకోర్లే. పనికిరానివాడికి మాత్రం చోటు ఉండదు, నిమ్మసోడా పోసి ఇంటికి పంపుతారు.

"అదంతా ఏం లేదురా," అన్నాడు, నవ్వుతూ. "మేం సిడ్నీ వెళ్ళింది దీని చెల్లెల్ని చూడ్డానికి. బూట్ల సంగతి నేనే అల్లాను. దీన్నీ అలా చెప్పమని నేనే బతిమాలాను. ఆ దరిద్రపు రికార్డులో నా బూట్లా? నేను ఉమ్మి కూడా వెయ్యను దాంట్లో!"

పబ్బంతా ఘొల్లుమంది. ఊపిరి పీల్చుకున్నట్టు నవ్వారు. క్లైవ్ నెవిల్ వీపు మీద చరిచి, "దొంగ వెధవా!" అని బీరు పొయ్యమన్నాడు. నెవిల్ స్టూలెక్కాడు.

"అమ్మో గ్వెండా!" అన్నాడెవడో. "చర్చి తాళం నీ దగ్గరే కదూ? ఏం నటించావే తల్లీ!"

గ్వెండా భర్త వైపు చూసింది. అతను నురుగు తుడుచుకుంటున్నాడు. ఆవిడ చేతిసంచి సర్దుకుని, మర్లీన్‌కు మాత్రం తలూపి, బయటికి నడిచింది. తర్వాతి ఆదివారం హుండీ తాళం తనే తీసుకెళ్ళి తిరిగిచ్చేసింది. ఇమ్మని అప్పటికి ఎవరూ అడగలేదు. ఇంకో రెండు వారాలైతే అడిగేవారే.

నెవిల్ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. స్టూలు పోలేదు. ఫర్నేస్ బాయ్స్‌ను అతని కన్నా కమ్మగా తిట్టేవాడు ఆ ఊళ్ళో లేడని పేరు కూడా తెచ్చుకున్నాడు. గ్వెండా విడిచి పోలేదు. వండి పెట్టింది, బట్టలు ఉతికింది, జబ్బు చేస్తే పక్కన కూర్చుంది. ఒక్క మాట దెప్పలేదు. కాకపోతే, వాన పడేట్టుంది, బట్టలు తియ్యమని అతను కేకేస్తే, ముందు తను గుమ్మం దాకా వెళ్ళి ఆకాశం చూసొచ్చేది.