ఎండలో ఆరేసిన నోట్లు

మా ఆవిడ ఇప్పటికీ బియ్యం డబ్బాలో వేపాకు వేస్తుంది. గోపాలపట్నంలో మూడో అంతస్తు ఫ్లాటు మాది. బియ్యం పాతిక కేజీల సంచీలో, పురుగన్నది దరిదాపుల్లో లేకుండా వస్తాయి. అయినా ఆవిడ మోకాళ్ళ నొప్పులతోనే కిందికి దిగి, వాచ్‌మన్ చేత రెండు వేప రెమ్మలు విరిపించుకొచ్చి, బాల్కనీ నీడలో గలగలమనేదాకా ఆరబెట్టి, డబ్బాలో పొరలు పొరలుగా సర్దుతుంది. మొన్న ఆవిడ మూత తీసేసరికి నేను హాల్లో ఫోను ముందు పెట్టుకుని ఏం చెయ్యాలో తెలియక కూర్చున్నాను. ఆ చేదు వాసన గుప్పున వచ్చింది. వేపాకు వాసనకి మీకేం గుర్తొస్తుందో నాకు తెలియదు గాని, నాకు మాత్రం పది రూపాయల నోట్లు గుర్తొస్తాయి.

నా చిన్నప్పుడు మా ఇంట్లో గాదె నిండా డబ్బుండేదని, లక్షకి తక్కువుండదని, పొద్దున్నే నాతో వాకింగుకొచ్చే ముసలాళ్ళందరికీ చెప్పాను. ఒకాయన నవ్వితే నలభై వేలకి దిగాను. మీ దగ్గర దాపరికమెందుకు, పధ్నాలుగు వేలు. గాదె కూడా కాదు, విత్తనాల కుండ. అదీ సగమే నిండింది.

ఆ కుండ సంగతి చెప్పాలంటే ముందు మా అయ్య సంగతి చెప్పాలి. మాకు రెండెకరాల చిల్లర పొలముండేది. కోతలప్పుడు అయ్య చేనంతా తిరిగి, గింజ గట్టిగా ఉన్న వెన్నులు వేరుగా కోసి, వేరుగా నూర్చి, మూడెండలు ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి కుండలో పోసి, మూతి మీద మట్టి మూకుడు పెట్టి పేడతో అలికేసేవాడు. మళ్ళీ ఏరువాకకే ఆ మూకుడు లేవడం. ఒక ఏడు వానలు పడక, రెండు పూటలా రాగుల చోడంబలే తాగి, చింతచిగురు దొరికినన్నాళ్ళు చింతచిగురు, అది ముదిరాక ఉప్పుగల్లు నంజుకుని, పొరుగూరి తోటలో రాలిన జీడిమామిడి పళ్ళు గొంతు పట్టేసేదాకా తిని బతికాం. ఆ ఏడు కూడా కుండ మూలనే నిండుగా కూర్చుని ఉంది. మా చెల్లి ఆకలికి ఏడుస్తూ దాని వైపు వేలు చూపిస్తే అమ్మ ఆ వేలు మడిచేసింది. విత్తనం తినకూడదు. మా ఇంట్లో దేవుడి కన్నా గట్టి మాట అది.

తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ కోసం మా చుట్టుపక్కల ఊళ్ళ భూములు తీసుకునే రోజులొచ్చాయి. నోటీసు వచ్చిన సాయంత్రం మా అరుగు మీద ఊరంతా చేరింది. అయిదో తరగతి చదువుతున్న నేను లాంతరు పక్కన నిలబడి, పెద్ద గొంతుతో చదివాను. "ప్రజా ప్రయోజనం నిమిత్తం స్వాధీనం చేసుకోబడును." ఎంత బాగా చదివానంటే ఊరంతా నన్ను భుజాల మీదికెత్తుకుంది. లేదు, ఎవరూ ఎత్తుకోలేదు. అమ్మ మాత్రం ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టింది.

"అంటే ఏట్రా?" అన్నాడు అయ్య.

"మన బూమి ఆళ్ళు తీసేసుకుంటారంట అయ్యా."

ఆ వాక్యం నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చేసింది. చాలా రోజులు ఆటల్లో కూడా వాడేవాణ్ణి. ఎవడి గోలీలైనా గెలిస్తే "ప్రజా ప్రయోజనం నిమిత్తం" అని లాక్కునేవాణ్ణి.

పొలం పోయింది, పధ్నాలుగు వేలు వచ్చాయి. ఒక్కో కట్టలో నూరు పది రూపాయల నోట్లు, అలాంటివి పధ్నాలుగు కట్టలు, ఒక్కోదానికీ నడుముకి కాగితం పట్టీ. మల్కాపురంలో ఒక పెంకుటింట్లో అద్దెకి దిగాం. బండి మీద అందరం సామాన్ల మధ్య ఇరుక్కుని వస్తే, ఆ కుండ మాత్రం అమ్మ ఒడిలో కూర్చుని వచ్చింది. కొత్తచోట అన్నీ వింతే. పగలంతా గాలిలో రిఫైనరీ నూనె కంపు. పోర్టు వైపు నుంచి వచ్చే ఎర్రటి దుమ్ము ఆరేసిన బట్టల మీదా, పెరుగు గిన్నె మీదా, మా కనురెప్పల మీదా పడేది. సైరను మోగితే పొయ్యి వెలిగించాలి, ఇంకోసారి మోగితే అయ్యకి క్యారేజీ సర్దాలి. సంతలో ఎండుచేపల గుట్టల పక్కనే ఓడల్లోంచి దిగిన సరుకు అమ్మేవారు, మీట నొక్కితే రంగు మారే పెన్నులు, నమిలినా అరగని తీపి బంక, అర్థం కాని భాష రాసిన బిస్కెట్టు డబ్బాలు. అయ్య పోర్టులో మూటలు మొయ్యడానికి కుదిరాడు. డబ్బు జోలికి మాత్రం పోలేదు. "అది బూమి. మళ్ళా బూమి కొనాల. అందాకా ఇత్తనం" అన్నాడు. అని, కుండలో ధాన్యం బదులు కట్టలు పేర్చి, మధ్య మధ్య వేపాకు వేసి, మూకుడు పెట్టి, పేడతో అలికేశాడు.

విత్తనమన్నాక ఎండ తగలాలి కదా. ఏరువాక ముందు మూడు రోజులు పెరట్లో చాప పరిచి, కట్టలన్నీ ఇటుకల్లా వరస పేర్చి, గంటకోసారి తిరగేసేవాడు. పట్టీ తెగితే లెక్క పోతుందని కట్ట విప్పేవాడు కాదు. ప్రహరీ మీంచి పక్కింటి పైడమ్మ తొంగిచూసి నవ్వేది.

"ఓలమ్మా, ఈయేడు పంట బాగా పండినట్టున్నాది!"

"నీ దిష్టి తగిల్తే తాలు పోతాదే, ఎల్లెల్లు!" అనేది అమ్మ, చీపురు చూపిస్తూ.

కాపలా నేనే. ఎండకి నోట్లు వెచ్చబడి, కొసలు కొంచెం పైకి లేచి, రమ్మన్నట్టుండేవి. మధ్యలోంచి ఒకటి లాగితే పట్టీ కదలదు, కట్ట కదలదు. మొదటి ఏడాది మూడు, రెండో ఏడాది నాలుగు. వెరసి ఏడు నోట్లు. రంగులు మారే పెన్ను కొన్నాను, సినిమా హాల్లో నేల టిక్కెట్టు కొన్నాను, గోలీసోడాలు నేను తాగి, నోరు విప్పకుండా ఉండడానికి చెల్లికీ తాగించాను.

ఎండలో డబ్బు ఆరేసుకునే మనిషి ఉన్నాడని తెలిస్తే ఊరుకునే లోకమా? చీటీలు కట్టించుకునే ఆవిడొచ్చింది, వడ్డీకి తిప్పుతానని ఒకడొచ్చాడు, బంగారం కొనిపెడతానని ఇంకొకడు. అయ్య ఎవరినీ కసిరేవాడు కాదు. మంచినీళ్ళిచ్చి, చెప్పిందంతా విని, చివర ఒక్కటే అడిగేవాడు. "ఇందుల నీకేటి మిగుల్తాది బావు?" ఏమీ మిగలదన్నవాణ్ణి ఆ క్షణమే సాగనంపేవాడు. ఈ దేశంలో అంతకన్నా తెలివైన ప్రశ్న డబ్బు విషయంలో ఎవడూ వెయ్యలేదని నేను ప్రమాణం చేస్తాను. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

రెండో ఏడు ఆరబెట్టే రోజుల్లోనే పోస్టాఫీసు డిపాజిట్లు కట్టించే మేస్టారొచ్చాడు. రిటైరయిన పంతులు, పాత సైకిలు, చొక్కా జేబులో రెండు పెన్నులు. అయ్య ఆయన్నీ అదే అడిగాడు.

"నూటికింతని నాకు కమీషనిస్తారయ్యా. నీ డబ్బులోంచి కాదు, సర్కారిస్తుంది. దాచను" అన్నాడు మేస్టారు. "నీ డబ్బు మాత్రం ఏడాదేడాదికీ పెరుగుతుంది. కుండలో పెట్టిన డబ్బు పెరగదు. బయట భూమి ధర పెరుగుతుంది."

అయ్య మొహం విచ్చుకుంది. అలా నిజం చెప్పినవాడు ఆయనొక్కడే. మర్నాడు మళ్ళీ వచ్చిన మేస్టారు సంచీలోంచి అచ్చు కాగితం తీసి చదవబోతే అయ్య చెయ్యడ్డుపెట్టాడు.

"నీకు మిగుల్తాదన్నావు గదా బావు, నువ్వు సదివితే నాను ఇనకూడదు. మా గుంటడు సదువుతాడు. ఆడికేటీ మిగల్దు."

నాకేమీ మిగలదట! ఏడు నోట్లు మిగిలాయి. కట్టలు పోస్టాఫీసుకెళ్తే గుమాస్తా పట్టీలు తెంచి, వేలు తడి చేసుకుని, ఒక్కోటీ లెక్కపెడతాడు. అయ్య ముందు, నా ముందు. కాగితం అందుకున్నాను. పేరు, చిరునామా, ఇన్నేళ్ళకి ఇంత, నామినీ అన్నీ ఉన్నవున్నట్టే చదివాను. చివరికొచ్చాక, అక్కడ లేనిది, నాకు కంఠతా వచ్చింది, అదే పెద్ద గొంతుతో కలిపేశాను. "ప్రజా ప్రయోజనం నిమిత్తం స్వాధీనం చేసుకోబడును."

మేస్టారు అప్పుడే వీధిలోకెళ్ళాడు, సైకిలు పడిపోతే నిలబెట్టడానికి. ఆయన వినలేదు. అయ్య విన్నాడు. కాగితం నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, లోపలికొచ్చిన మేస్టారి చేతికిచ్చేశాడు. "తప్పట్టుకోకు బావు. ఒకపాలి ఇచ్చీసినాను. మళ్ళా ఇవ్వనేను" అన్నాడు. మేస్టారికి ఏమీ అర్థం కాలేదు. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు, ఆపైన రాలేదు.

నేను మళ్ళీ నోట్లు తియ్యలేదు. అదొక్కటే నాకు మిగిలిన గొప్ప.

ఆ తర్వాత ప్రతి ఏరువాకకీ అయ్య తెల్లపంచె కట్టుకుని సబ్బవరం వైపో, ఆనందపురం వైపో భూమి చూడ్డానికెళ్ళేవాడు. మట్టి గుప్పెట్లోకి తీసుకుని పిండి చూసి, వాసన చూసి, నచ్చి, ధర అడిగి, తిరిగొచ్చేవాడు. మొదట రెండు వేలు తక్కువైంది. కూలి డబ్బు మిగిల్చి మరుసటేడు వెళ్తే నాలుగు వేలు తక్కువైంది. ఆపై ఏడు రెండెకరాల మాట మానేసి ఎకరం అడిగాడు, తర్వాత అరెకరం. "బూమి మనకన్నా బేగి నడిసీతన్నాదే" అన్నాడు అమ్మతో, కాళ్ళు కడుక్కుంటూ. నేను తలుపు చాటున పుస్తకం పెట్టుకుని వింటున్నాను. చెప్పేస్తే అయిపోయేది. పేజీ తిప్పాను.

ఒక వానాకాలం అయ్య కాలు మీద మూట జారి, పని లేక నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. అద్దె, మందులు, బియ్యం. ఒక మధ్యాహ్నం అమ్మ గునపం కొసతో కుండ మూకుడు అంచు తట్టింది. పేడ పెంకులు రాలాయి, వేపాకు వాసన ఇల్లంతా నిండింది. అది ఏరువాక కాదు. అయ్య మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట అమ్మ అన్నం వండి, వంకాయ ఎండుచేపల పులుసు పెట్టింది, నేను తిన్నాను, చెల్లి తింది. ఆయన తినలేదు. విత్తనం ఒకసారి తినడం మొదలెట్టాక ఇక ఆగేదేముంది, గుప్పెడు గుప్పెడుగా అయిపోయింది. తర్వాత ఆ కుండలో అమ్మ చింతపండు పెట్టుకుంది.

ఎన్నో ఏళ్ళ తర్వాత, నాకు ఉద్యోగమొచ్చి, అయ్య చివరి రోజుల్లో ఉన్నప్పుడు, కాళ్ళు పడుతూ ధైర్యం చేశాను. "అయ్యా, చిన్నప్పుడు ఆ కుండలోయి నాను ఏడు నోట్లు తీసినాను."

"ఏడు కాదురా, ఎనిమిది" అన్నాడు కళ్ళు మూసుకునే.

మీకూ ఇందాక ఏడనే చెప్పాను. ఎనిమిదే.

"నీకెలా తెలిసినాది?"

"ఆ మేస్టారు కాయితం తెచ్చిన ముందురోజు రేత్రి, పోస్టాపీసులో కట్టీద్దామని పట్టీలు తెగకుండా అన్నీ లెక్కెట్టినాను. గుంటడివి, పోన్లే, తిన్నావు మరి."

లెక్కపెట్టాడు. తెలుసు. తెలిసీ, తెల్లారి ఆ కాగితం నా చేతికే ఇచ్చాడు. నేను దేనికి భయపడి ఆ వాక్యం కలిపానో, అది అప్పటికే అయిపోయి, క్షమించేసి ఉంది. ఆ వాక్యం సంగతి మాత్రం నేను చెప్పలేదు. ఆయన కాలి వేళ్ళు నొక్కుతూ ఉండిపోయాను. ఎవరికైనా చెప్పడం ఇదే మొదలు.

ఇప్పుడు ఆ పెరడు లేదు, పెంకుటిల్లు లేదు. మా పొలం ఎక్కడుందో ఎవరైనా అడిగితే ఫ్యాక్టరీ ప్రహరీ గోడ ఇవతల నిలబడి గాలిలోకి వేలు చూపించాలి. మట్టి వాసన చూసి ధర అడిగే మనుషులు పోయారు, నాకింత మిగుల్తుందని ముందే చెప్పి సైకిలెక్కే మేస్టార్లు పోయారు. నా రిటైర్‌మెంటు డబ్బంతా ఒక డిపాజిట్‌లో ఉంటే దాని గడువు ఈ నెలతో తీరింది. అది తీసి దేంట్లోనో పెడితే బీమా, లాభం రెండూ వస్తాయని బ్యాంకువాళ్ళు ఫోనుకి ఒక పత్రం పంపారు. నాకొక కంట్లో శుక్లం. చదివేది మా మనవరాలు సింధు, ఎనిమిదో తరగతి. ఆ అమ్మాయి బొటనవేలు తెర మీద చకచకా పాకుతోంది.

"అంతా బాగానే ఉంది తాతా. ఇక్కడ ఒప్పుకున్నట్టు నొక్కెయ్."

"అంతా చదివావా?"

"చదివాను తాతా! నలభై రెండు పేజీలు."

ఆ మొహం నాకు తెలుసు. లాంతరు వెలుగులోనూ, పెరటి ఎండలోనూ ఆ మొహంతో నిలబడ్డవాణ్ణి నేను.

"అమ్మలూ, నా పర్సులోంచి ఎప్పుడైనా ఏమైనా తీసుంటే తీశావు, పోన్లే, నాకు తెలుసు. ఏమీ అనను. చదివేది మాత్రం ఉన్నదున్నట్టు చదువు."

సింధు బొటనవేలు ఆగింది. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత తల దించి, మెల్లగా అంది. "పేజీ ముప్ఫయ్యొకటి నుంచి మళ్ళీ చదవనా తాతా?"

చదివింది. ఒక్క మాట వదలకుండా, పెద్ద గొంతుతో. నాకు అర్థం కాలేదు. దానికీ అర్థం కాలేదు. వంటింట్లో మా ఆవిడ బియ్యం డబ్బా మూత వేసింది. ఇద్దరం ఫోను వైపు చూస్తూ కూర్చున్నాం. తెర కాసేపు వెలిగి, నా వేలి కోసం చూసి చూసి, ఆరిపోయింది.