ఐదు గేట్లకు వినిపించిన చప్పుడు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఈ వాక్యం రాస్తున్న ఈ క్షణంలో కూడా నమ్మడం లేదు.

ముప్పై నాలుగేళ్లు వాతావరణ పరిశీలన కేంద్రంలో పనిచేశాను. ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు వర్షమాపకం మూత తీసి, గాజు కొలపాత్రలో నీటి మట్టం చూసి, మిల్లీమీటర్లలో నమోదు చేయడం నా ఉద్యోగం. కంటితో చూడని అంకెను పుస్తకంలోకి ఎక్కించకూడదన్నది అక్కడ నేర్చుకున్న మొదటి నియమం. పదవీ విరమణ చేశాక కూడా ఆ నియమం నన్ను వదలలేదు. కింద రాసినదంతా జరిగిన రోజునే నోటుబుక్కులో ఎక్కించుకున్నది. జ్ఞాపకం మీద ఆధారపడి రాసినది ఒక్కటీ లేదు.

మేము చిక్కడపల్లిలో ఒక పై పోర్షన్‌లో ఇరవై రెండేళ్లు అద్దెకున్నాం. ఆ ఇంటిని పడగొట్టి అపార్టుమెంటు కడతామని యజమానులు చెప్పి, ఆరు నెలల గడువు ఇచ్చారు. అద్దె ఇళ్లు ఇక చాలు, సొంత ఇల్లు కొనుక్కుందామని నిర్ణయించుకున్నాం. నా భార్య వసుంధరకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మూడు మెట్లకు మించి ఎక్కవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. చిక్కడపల్లి, నారాయణగూడ, గాంధీనగర్ కలిపి పద్నాలుగు ఇళ్లు చూశాం. ఇప్పటి అపార్టుమెంట్లలో నేల అంతస్తు కార్లది. మనుషులకు పై అంతస్తులే. లిఫ్టు ఉంది కదా అంటారు. అది ఆగిపోయిన రోజు వసుంధర గతి ఏమిటన్నది నా ప్రశ్న.

పదిహేనవది అశోక్ నగర్‌లో దొరికింది. కోచింగ్ సెంటర్ల వరుస, టీ బండ్లు, పుస్తకాల దుకాణాలు దాటి లోపలికి వెళితే ఆరు గేట్లున్న చిన్న గల్లీ ఒకటి వస్తుంది. మూసుకుపోయిన చివర ఆరవ గేటు. పాత ఇల్లు, ఒకే అంతస్తు, వాకిట్లో నల్లా. గేటు దగ్గర వసుంధర ఆటో దిగి, మెట్లు లెక్కపెట్టింది. రెండు. ఆమె నిర్ణయం అక్కడే అయిపోయింది.

నా నిర్ణయం అంత తొందరగా కాదు. ఇంటి యజమాని యాదగిరి గారు తల్లి పోయిన తరువాత ఆ ఇంటికి తాళం వేసి, కవాడిగూడలో తమ్ముడి దగ్గరికి మారిపోయారు. రెండేళ్లుగా ఇల్లు ఖాళీగా ఉంది. తొంభై రోజులు అద్దెకు ఉండి, అన్నీ నమోదు చేసుకుని, నచ్చితేనే కొంటానన్నాను. ఆయన నా ముఖం చూసి అడిగారు.

"ఏంది సార్, పెండ్లికి ముందు మూడు నెలలు కాపురం చేసి చూస్తరా?"

"ఈయన నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు కూడా మా నాన్నగారిని మా ఊళ్ళో వాన ఎంత పడుతుందని అడిగారండీ" అంది వసుంధర.

యాదగిరి గారు నవ్వి ఒప్పుకున్నారు. తొంభైయవ రోజున వద్దంటే బిల్డరుకు ఇచ్చేస్తానని మాత్రం చెప్పారు. అది న్యాయమే. మా చిక్కడపల్లి గడువు కూడా ఇంచుమించు అప్పటికే ముగుస్తుంది.

నోటుబుక్కులో గడులు గీసుకున్నాను. ఏ గదిలో ఎండ ఎంతసేపు ఉంటుంది, ఏ గోడకు చెమ్మ ఎక్కడిదాకా ఎక్కుతుంది, నల్లా ఎప్పుడు వస్తుంది, బకెట్టు నిండడానికి ఎన్ని సెకన్లు పడుతుంది. అక్కడ నీళ్లు రోజు విడిచి రోజు. మేము దిగిన రోజు నీళ్ల రోజు కావడంతో, నా లెక్కలో బేసి రోజులన్నీ నీళ్ల రోజులే. ఉదయం అయిదు నుంచి ఏడు లోపల ఎప్పుడైనా వస్తాయి, నలభై నిమిషాలుండి పోతాయి. ఆ సమయంలో పట్టుకోనివారికి మళ్లీ మర్నాడు కాదు, ఆ పై రోజే. గల్లీ మా వైపు పల్లం. కాబట్టి నీళ్లు ముందు మా నల్లాకు వచ్చి, తరువాత ఒక్కొక్క ఇంటికీ ఎగువకు ఎక్కుతాయి. నేను ప్రతి నీళ్ల రోజూ అయిదు గంటల నుంచి వాకిట్లో స్టూలు మీద, గేటుకు ఆరడుగుల దూరంలో, గడియారం పట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఇరవై మూడవ రోజు సాయంత్రం, మా పక్కదైన అయిదవ గేటు లక్ష్మమ్మ వచ్చింది. గల్లీ అంతా ఆమెను లక్ష్మక్క అంటుంది. వసుంధర పక్కన కూర్చుని, నా వైపు చూస్తూ చెప్పింది.

"అక్కా, మీ సారుకు జర చెప్పు, గేటు మెల్లగ కొట్టమని. మా మనుమరాలు ఉలిక్కిపడి లేస్తున్నది. కానీ మంచి పని చేస్తున్రు. రెండేండ్లాయె ఈ గల్లీల నల్లా వచ్చిందని ఎవ్వరన్న చెప్పక."

నేను ఏ గేటూ కొట్టలేదని చెప్పాను.

"అట్లయితే అక్క కొడుతున్నదా?"

వసుంధర తన మోకాళ్ల వైపు చూపించింది. లక్ష్మక్క నవ్వింది కాని, మేం హాస్యమాడుతున్నామనే అనుకుంది.

మర్నాడు మిగిలిన నాలుగు ఇళ్లకూ వెళ్లి విడివిడిగా అడిగాను. ఒకరు చెప్పింది మరొకరికి చెప్పలేదు. సమాధానాలు ఒక్కటే. మేము దిగిన మొదటి నీళ్ల రోజు నుంచీ, గేటు మీద ఇనుముతో కొట్టిన చప్పుడు, రెండుసార్లు. లేచి నల్లా విప్పుకుంటే కాసేపట్లో నీళ్లు. అందరూ మేమే కొడుతున్నామనుకున్నారు. మూడవ గేటు పరీక్షలకు చదివే అబ్బాయిల హాస్టలు. అక్కడి వంటమనిషి రాములు ఏ రోజు ఎన్నింటికి లేచిందీ గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. ఆ వరుసను నా పుస్తకంతో సరిచూశాను. ప్రతి రోజూ అతను లేచిన సమయం మా నల్లాకు నీళ్లు రావడానికి మూడు నాలుగు నిమిషాల ముందు. అంటే కొట్టేవాళ్లెవరో గాని, అందరికంటే ముందు నీళ్లు చూసే నాకంటే ముందే వాళ్లకు తెలుస్తోంది.

లక్ష్మక్క గేటు నా స్టూలుకు పాతికడుగుల దూరంలో ఉంది. నాకు ఒక్కనాడూ ఏ చప్పుడూ వినిపించలేదు. ఇరవై ఆరవ రోజున నారాయణగూడలో చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. వయసుకు తగ్గట్టు రెండు చెవులూ బాగానే ఉన్నాయని కాగితం ఇచ్చాడు. ఆ కాగితం నా దగ్గర ఉంది.

ఇరవై ఏడవ రోజు స్టూలు మీద కూర్చోలేదు. గల్లీ మధ్యకు వెళ్లి నిలబడ్డాను. తెల్లవారింది, వెలుతురు బాగా ఉంది. ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్క మనిషి లేడు. అయిదు నలభై ఏడుకు లక్ష్మక్క గేటు తెరుచుకుంది. ఆమె జుట్టు ముడేసుకుంటూ, "వచ్చిందా సార్?" అంది. ఇరవై సెకన్లలో నాలుగవ గేటు. తరువాత హాస్టలు గేటు తెరుచుకుని రాములు వచ్చాడు. తరువాత రెండవది, చివరికి మొదటిది. కింది నుంచి పైకి, ఒక ముసలి మనిషి నడిచే వేగంతో, వరుస తప్పకుండా తెరుచుకున్నాయి. ఐదుగురూ నన్ను చూసి, కొట్టింది నేనేనన్నట్టు తల ఊపారు. వాళ్లు ఒక్కొక్కరూ బయటికి వస్తుంటే, ఆ చప్పుడు ఇప్పుడు ఏ గేటు దగ్గర ఉన్నదీ నాకు తెలుస్తూనే ఉంది. వినిపించడమే లేదు.

నీళ్లు అయిదు యాభై ఒకటికి వచ్చాయి.

హాస్టలు గేటుకు కెమెరా ఉంది. మేనేజరును అడిగి ఆ ఉదయపు రికార్డు చూశాను. శబ్దం పట్టదు, బొమ్మ మాత్రమే. గేటు, ఖాళీ గల్లీ, ఒక అంచున నేను. తరువాత రాములు. మరేమీ లేదు.

ఇరవై ఎనిమిదవ రోజు టేపు తీసుకుని గేట్లు కొలిచాను. అయిదింటికీ ఒకే చోట, నేల నుంచి ముప్పై తొమ్మిది అంగుళాల ఎత్తున, బొటనవేలి గోరంత సొట్ట ఉంది. చుట్టూ తుప్పు, సొట్టలో మాత్రం ఇనుము మెరుస్తోంది. ఆరవది మా గేటు. దాని మీద సొట్ట లేదు, అంతా తుప్పే. అలాగే రాసుకున్నాను.

ముప్పై ఒకటవ రోజు యాదగిరి గారిని పిలిచి పుస్తకం చూపించాను. ఇల్లు అమ్మేవారికి ఇది చెప్పకుండా దాచడం సరికాదనిపించింది. ఆయన నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు.

"మా అమ్మ కొడుతుండె సార్" అన్నారు. "నీళ్లు మనకే ముందొస్తయి గదా. రాకముందు పైపుల గాలి కొడ్తది. అమ్మ చెయ్యి పెట్టి చూస్తుండె. గాలి తగలంగనే వాల్వు తిప్పే చావి పట్టుకొని పైదాక పోయి అందరి గేట్లు కొట్టి వస్తుండె. కాళ్లు నొస్తున్నా మానకపోతుండె." మళ్లీ ఆయనే అడిగారు. "రెండు సార్లేనా సార్ కొట్టేది?"

రెండేనన్నాను.

"మూడోది కొడితే తిట్టినట్టుంటది అనేది." ఆయన కండువాతో ముఖం తుడుచుకున్నారు. "మీకు పరేషాన్ అయితే చెప్పుండ్రి. నేనేం అనుకోను."

ముప్పై మూడవ రోజు పైపు మీద అరచేయి పెట్టి కూర్చున్నాను. నీళ్లకు నాలుగు నిమిషాల ముందు పైపు సన్నగా వణికింది. ముందుగా ఎలా తెలుస్తుందన్న గడి నిండింది. ఎవరికి తెలుస్తుందన్నది నిండలేదు.

తొంభైయవ రోజు వచ్చింది. ఎండ, చెమ్మ, గాలి, నీటి ధార, అన్నీ అనుకూలమే. ఒక్క గడి ఖాళీ. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ పేజీ కింద నేను సంతకం చేసేవాణ్ణి కాను. ఆ మాటే వసుంధరతో అన్నాను. ఆమె బియ్యం ఏరుతోంది, తల ఎత్తలేదు.

"ముప్పై నాలుగేళ్లు వాన లెక్క రాశారు. ఏ రోజైనా అది ఎవరు కురిపించారో రాశారా? పడినంత రాశారు, అంతే కదా?"

ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"మీకు భయమైతే వద్దని చెప్పండి, బిల్డరుకు ఇచ్చేస్తారు. భయం లేకుండా గడి కోసం వద్దంటే మాత్రం, లిఫ్టు ఆగిన రోజు మీరే నన్ను మోసుకెళ్లాలి."

భయం లేదు. ఆ మాట నిజమే. తొంభై ఆరవ రోజున రిజిస్ట్రేషన్ అయింది. తాళంచెవుల గుత్తితో పాటు యాదగిరి గారు మూరెడు పొడవున్న ఇనుప చావి ఒకటి, వాల్వు తిప్పేది, నా చేతిలో పెట్టారు. "నాతో పాటు కవాడిగూడకు తీసుకుపోయిన, ఇది గూడ ఈ ఇంటిదే" అన్నారు.

తొంభై ఏడవ రోజు నీళ్ల రోజు. స్టూలు మీద కూర్చున్నాను. అయిదు నలభై ఎనిమిదికి మా గేటు మీద చప్పుడైంది. ఇనుము మీద ఇనుము. రెండుసార్లు. స్పష్టంగా విన్నాను. లోపల వసుంధర కూడా విని, "ఎవరండీ?" అంది. మూడు అంగల్లో వెళ్లి గేటు తీశాను. పై చివరిదాకా గల్లీ ఖాళీ. ఐదు గేట్లూ మూసే ఉన్నాయి. వచ్చి పైపు మీద చేయి పెడితే వణుకుతోంది. అయిదు యాభై రెండుకు నీళ్లు వచ్చాయి. ఒక్క గేటూ తెరుచుకోలేదు.

ఇంకో నిమిషం చూశాను. ఐదు ఇళ్లలో ఎవరూ లేవలేదు. లోపలికి వెళ్లి ఆ చావి తెచ్చి, లక్ష్మక్క గేటు మీద రెండుసార్లు కొట్టాను.

"వస్తున్న వస్తున్న" అంటూ వచ్చింది. "ఇయ్యాల లేటయిందేంది సార్? నిద్ర పట్టిందా?"

నాలుగవ ఇంట్లో కూడా ఆలస్యమైందనే అన్నారు. రాములు బకెట్టు పట్టుకుని పరుగెత్తుతూ, "రోజూ టైముకు లేపి ఇయ్యాల చెయ్యిచ్చిండ్రు" అన్నాడు. ఆ ఉదయం అంతకు ముందు ఎవరికీ ఏ చప్పుడూ వినిపించలేదు.

తిరిగి వచ్చి మా గేటు కొలిచాను. ఇరవై ఎనిమిదవ రోజు పేజీలో 'సొట్ట లేదు' అని నా చేతిరాతే ఉంది. ఇప్పుడు ఉంది. తుప్పు రాలి, బొటనవేలి గోరంత ఇనుము మెరుస్తోంది. నేల నుంచి ముప్పై తొమ్మిది అంగుళాలు. మూడుసార్లు కొలిచాను.

నాటి నుంచి ప్రతి నీళ్ల రోజూ నేనే కొడుతున్నాను. నా ఎత్తుకు చేయి నలభై ఎనిమిది అంగుళాల దగ్గర పడుతుంది. అయినా కొంచెం వంగి పాత సొట్ట మీదే కొడతాను, రెండుసార్లు. నేను కొట్టినవి తప్ప వేరే చప్పుడు ఆ ఐదు ఇళ్లలో ఎవరూ మళ్లీ వినలేదు. అడుగుతూనే ఉన్నాను.

మొన్నటితో నేను గేట్లు కొట్టిన ఉదయాలు నూట పన్నెండు. అన్నీ సమయాలతో సహా నోటుబుక్కులో ఉన్నాయి. తొంభై ఏడవ రోజు వరుసలో మాత్రం 'రెండుసార్లు, మా గేటు, 5.48, విన్నాను' అని రాసి, కొట్టినవారు అన్న గడిని అలాగే వదిలేశాను. ఆ పేజీ కింద సంతకం చేశాను.